చలికాలపు బొంత, లేపాక్షి చీర

కదిరికి తూర్పుగా వెళితే నంబులపూలకుంట వస్తుంది. ఇంత పొడుగుపేరు పలికే ఓపిక లేక చుట్టుపక్కలవాళ్ళు ఎన్.పి.కుంట అంటారు. రాళ్ళగుట్టలు, ఎర్రనేల, వేరుసెనగ చేలు, వానకోసం ఎదురుచూసే కుంటలు - ఇదీ ఆ సీమ. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అందులోనూ సగం వేళ తప్పి కురుస్తుంది.

ఈ మండలంలో రెండు వింతలున్నాయి. ఒకటి గూటిబైలులోని తిమ్మమ్మ మర్రిమాను. దూరం నుంచి చూసి అదొక అడవి అనుకుంటాము. తీరా లోపలికి వెళితే అదంతా ఒకటే చెట్టు! కొమ్మలనుంచి ఊడలు దిగి, నేలలో పాతుకుని, మానులై, మళ్ళీ కొమ్మలు వేసి దాదాపు అయిదెకరాల మేర నీడపరిచింది. ప్రపంచంలోకెల్లా పెద్ద మర్రిచెట్టు ఇదేనని 1989లో గిన్నిస్ పుస్తకంలో రాసుకున్నారు. రెండో వింత కొత్తది. ఇక్కడి బీడుభూముల్లో సూర్యకాంతితో విద్యుత్తు తీసే పలకలు వేలకు వేలు పరిచారు. 2016లో వాటినుంచి కరెంటు రావటం మొదలయింది. గుట్టమీదికెక్కి చూస్తే నల్లని ముక్కలన్నీ వరసగా కుట్టిన పెద్ద బొంతను ఎవరో నేలమీద ఆరవేసినట్టు కనిపిస్తుంది.

నేను చెప్పబోయేది ఆ బొంతను గురించి కాదు, నిజం బొంతను గురించి.

బొంత ఎరగని తెలుగు ఇల్లు మొన్నమొన్నటిదాకా ఉండేది కాదు. అమ్మమ్మ చీరలు, తాతయ్య పంచెలు కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడతాయి. వాటిని పారెయ్యరు. చిరుగులు తీసి, మంచి ముక్కలు ఏరి, ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు మడిచి, పెద్ద సూదితో ఈ కొసనుంచి ఆ కొసకు వరసలు వరసలుగా కుడతారు. సూది కిందికి దిగుతుంది, పైకి వస్తుంది, మళ్ళీ దిగుతుంది. ఆ వరసలే బొంతకు ప్రాణం. అవి లేకపోతే లోపలి గుడ్డలన్నీ ఒక మూలకు పోయి ఉండకట్టుకుంటాయి.

బొంతకు కూడా పంటకు ఉన్నట్టే కార్తె ఉన్నది. మెట్టసీమలో తొలకరి పడ్డాక ఎవరికీ తీరిక ఉండదు. వేరుసెనగ విత్తటం, కలుపు తియ్యటం, కాయ పీకి ఆరబెట్టటం - దీపావళి దాటినా పని తెగదు. ఆ తరవాత చలి వస్తుంది, అటకమీది బొంత దిగుతుంది. సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి అంటారు. ఆ రోజుల్లో బొంతలో నుంచి బయటికి రావటం కంటే కష్టమైన పని మరొకటి ఉండదని మీకూ తెలుసు. శివరాత్రికి చలి "శివశివా" అంటూ వెళ్ళిపోతుంది. తిమ్మమ్మ మర్రిమాను దగ్గర జాతర జరిగేది అప్పుడే. ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరు కదులుతుంది. అప్పటికి ఎండ ముదురుతుంది, చేలో పనులుండవు. ఇంటి ఆడవాళ్ళు బొంతలను ఉతికి, రాతిబండలమీద ఆరేసి, చిరిగినచోట కొత్త అతుకు వేసి, కొత్త బొంతలు కుట్టుకునేది ఆ ఎండల్లోనే. నడవలో బొంత పరిచి చెరొకవైపు ఇద్దరు కూర్చుంటే మధ్యాహ్నమంతా కబుర్లూ కుట్టూ కలిసి సాగుతాయి.

"బొంతలో పొయ్యి లేదు, నిప్పు లేదు, మరి వెచ్చదనం ఎక్కడిది?" అని మీకు సందేహం రావచ్చు. ఆ వెచ్చదనం మీదే! మన ఒంటి వేడి ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. బొంత పొరలమధ్య చిక్కుకున్న గాలి ఆ వేడిని పోనివ్వదు. కదలని గాలిలోనుంచి వేడి చాలా మెల్లగా నడుస్తుంది. అందుకే ఒక్క మందపాటి గుడ్డకంటే నాలుగు పలచని గుడ్డలు కలిపి కుట్టినది ఎక్కువ వెచ్చగా ఉంటుంది. తడిసిన బొంత ఎందుకు చలి పెడుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. గాలి ఉండవలసినచోట నీళ్ళున్నాయన్నమాట.

ఈ బొంత మన మాటల్లోకి కూడా దూరింది. ఒకదానికొకటి పొసగని ముక్కలను కలిపి చేసినదాన్ని "అతుకుల బొంత" అంటారు. "గంతకు తగ్గ బొంత" అన్న సామెత వినే ఉంటారు. పశువు వీపున వేసే బరువుసంచి గంత, వీపు ఒరుసుకుపోకుండా దానికింద వేసే మెత్త బొంత. ఈ రెండు మాటలూ కాస్త వెక్కిరింపుగానే వాడతారు. బొంతకు మనం ఇచ్చిన గౌరవం అంతే! కన్నడదేశంలో దీన్ని కౌది అంటారు. మహారాష్ట్రలో గోధడి, వంగదేశంలో కాంథా. సంస్కృతంలో కంథ అనే మాట ఉన్నది. సన్యాసులు కప్పుకునే అతుకులగుడ్డ అది.

చిక్కేమిటంటే, బొంత నిలవదు. రాగిచెంబు నూరేళ్ళుంటుంది, ఇత్తడిదీపం మునిమనమల దాకా వస్తుంది. బొంత మాత్రం కప్పుకున్నకొద్దీ అరుగుతుంది. అసలే పాతగుడ్డ, దానికి తోడు చెమట, ఎండ, చాకిరేవు. చివరకు పిల్లవాడి కింద పక్కబట్ట అవుతుంది, ఆపైన పశువులకొట్టంలో పరుపు అవుతుంది. ఏ భోగినాడో తెల్లవారుజామున మంటలోకి వెళుతుంది. పాతచీర పాతబడితే బొంత, బొంత పాతబడితే బూడిద. ఇంతకాలమూ ఇందులో నష్టమేమీ లేదు, ఎందుకంటే మళ్ళీ ఎండాకాలంలో మరొకటి పుట్టేది. ఇప్పుడు చాలా ఇళ్ళలో పుట్టటం లేదు. అంగట్లో యంత్రం మీద చేసిన రగ్గులు చవకగా దొరుకుతున్నాయి. బొంతకు కావలసిన మెత్తని నూలుచీర కట్టేవాళ్ళూ తగ్గారు. జారుడు చీరలతో కుట్టిన బొంత చెమట పీల్చదు, ఒంటికి అంటదు.

మరి బొంతను దాచి చూపించే మ్యూజియం ఎక్కడైనా ఉన్నదా? ఉన్నది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున, పడూకా అని చిన్న ఊరు. జనం పాతికవేల పైచిలుకు. అక్కడ 1991 ఏప్రిల్‌లో అచ్చంగా బొంతలకోసమే ఒక మ్యూజియం తెరిచారు. ఏటా వసంతంలో ఆ ఊళ్ళో బొంతల తిరునాళ్ళు జరుగుతుంది. దేశదేశాలనుంచి బొంతలు కుట్టేవాళ్ళు వస్తారు. ఆ వారం రోజులూ ఊరివాళ్ళకంటే వచ్చినవాళ్ళే ఎక్కువ! బడిపిల్లలకు కూడా పోటీ పెడతారు. అందరికీ ఒకే రకం గుడ్డముక్కలు ఇస్తారు. వాటితో పదహారు అంగుళాల చదరం కుట్టి పంపాలి. ఒకే గుడ్డనుంచి ఒకరు ఇల్లు కుడతారు, ఒకరు చేప కుడతారు, మరొకరు గీతలతోనే సరిపెడతారు.

బొంతల మ్యూజియంలో రుతువులు మారినప్పుడల్లా గోడలు కూడా మారుతాయి. విగ్రహాన్ని ఒకచోట నిలబెడితే వందేళ్ళు అక్కడే ఉండవచ్చు. గుడ్డకు అలా కుదరదు. వెలుతురు రంగును తినేస్తుంది, నూలును పెళుసుబారుస్తుంది. పైగా వేలాడదీసిన బొంత తన బరువుకు తానే చిరుగుతుంది. అందుకని ఒక్కొక్క బొంతను కొద్ది నెలలు మాత్రం చూపించి, ఆపైన చీకటిగదిలో విశ్రాంతినిస్తారు. ఆ చోట మరొక బొంత వస్తుంది. చూపించేటప్పుడు కూడా వెలుతురు యాభై లక్సులకు మించనివ్వరు. మన ఊళ్ళో మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులుంటుంది. అంటే ఎండలో రెండువేలో వంతు వెలుతురన్నమాట! బయటినుంచి వచ్చినవాడికి మొదట ఏమీ కనపడదు. కొంచెం సేపు నిలబడితే రంగులు ఒక్కొక్కటే మేలుకుంటాయి.

కొత్తగా వచ్చిన బొంతను నేరుగా లోపలికి రానివ్వరు. అందులో పురుగులో, పురుగుల గుడ్లో ఉండవచ్చు గదా! గాలి చొరని సంచిలో పెట్టి, మంచుకంటే ఇరవై డిగ్రీలు తక్కువ చలిలో వారమో పైనో ఉంచుతారు. చలికి కాపుగా పుట్టిన బొంత చివరికి చలిలోనే స్నానం చేయవలసివచ్చింది చూశారా! మన పెద్దలు పెట్టెలో వేపాకు వేసి ఊరుకునేవారు. ఆ తరవాత బొంతను మడతపెట్టకుండా గొట్టానికి చుడతారు, లేదా మడతల్లో మెత్తని కాగితపు చుట్టలు పెడతారు. ఒకేచోట మడిచిపెడితే ఆ గీతవెంటే గుడ్డ విరుగుతుంది. అందుకని అప్పుడప్పుడు మడత మారుస్తుంటారు. ఈ చివరి పని మనమూ చెయ్యవచ్చు, డబ్బు ఖర్చులేదు.

ఇలాంటి చిన్న మ్యూజియాలు బతకటం అంత సులభం కాదు. ఇంగ్లండులో యార్కు నగరంలో, చాలా పాతకాలపు ఒక మేడలో, 2008లో బొంతల మ్యూజియం తెరిచారు. 2015 అక్టోబరు ఆఖరున మూసేశారు. ఏడేళ్ళు నిండి కొన్ని నెలలు! బొంతలు పాడుకాలేదు, అవి దాపులోనే ఉన్నాయి. కాని దారినపోయే పిల్లవాడు లోపలికి తొంగిచూసే తలుపు లేకుండాపోయింది.

మనదేశంలో కలకత్తా దగ్గర జోకా అనేచోట గురుసదయ్ మ్యూజియం ఉన్నది. గురుసదయ్ దత్తు పెద్ద సర్కారు ఉద్యోగి. ఉద్యోగరీత్యా వంగదేశపు పల్లెలు తిరుగుతూ, ఎవరూ పట్టించుకోని మట్టిబొమ్మలు, పటాలు, కాంథాలు పోగుచేశాడు. ఆయన 1941లో చనిపోయాడు. ఆ సామానుకు మ్యూజియం 1963లో ఏర్పడింది. అక్కడి కాంథాల్లో మానదాసుందరి అనే ఆమె తన తండ్రికోసం కుట్టినది మహా పేరుపొందింది. చిత్రమేమంటే, పాతచీర అంచుల్లోని రంగుదారాలు లాగి, వాటితోనే కాంథామీద బొమ్మలు కుట్టేవారు. దారం కూడా కొనలేదన్నమాట! ఈ మ్యూజియానికి కేంద్రంనుంచి వచ్చే ధనసహాయం 2017లో ఆగిపోయింది. సిబ్బందికి జీతాలు కూడా కష్టమయ్యాయి.

మనకు ఇంకా దగ్గరలో, కర్ణాటకలోని ఉత్తర కన్నడ అడవుల్లో, సిద్దీలనేవారున్నారు. వందల ఏళ్ళ క్రితం ఆఫ్రికానుంచి వచ్చినవారి సంతతి. వాళ్ళు తమ బొంతను కవంది అంటారు. అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ నడుమకు వస్తారు. నాలుగు మూలలా మడతపెట్టిన మూడుకోణాల ముక్కలు కుడతారు, వాటిని పూలు అంటారు. పూలు లేని కవంది బట్టకట్టని మనిషిలాంటిదట!

నంబులపూలకుంటలో బొంతల మ్యూజియం లేదు. కాని ఆ దిక్కునే, ఒక్క పూటలో వెళ్ళగలిగిన దూరంలో, గుడ్డలను దాచిన చోటు ఒకటున్నది. నూలుగుడ్డలు కావు. రంగుతో రాతికప్పు మీద వేసిన గుడ్డలు.

కదిరి, గోరంట్ల మీదుగా హిందూపురం చేరి, అక్కడినుంచి లేపాక్షి వెళ్ళాలి. దారిపొడుగునా వేరుసెనగే. కదిరి పరిశోధనాకేంద్రం వారు పుట్టించిన ఒక వేరుసెనగ రకానికి "కదిరి లేపాక్షి" అనే పేరు పెట్టారు. ఊళ్ళో అడుగుపెట్టకముందే ఒంటిరాతి బసవన్న కనపడతాడు. పదిహేను అడుగుల ఎత్తు, ఇరవైఏడు అడుగుల పొడవు. తాబేలు ఆకారంలో ఉండే కూర్మశైలం మీద వీరభద్రుడి గుడి. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన కాలంలో, 1530 ప్రాంతంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. గుడికి వచ్చినవాళ్ళు చాలామంది నేలకు పూర్తిగా ఆనని వేలాడే స్తంభం దగ్గరికి పరుగెత్తి, దానికింద కండువా దూర్చి అవతలకు లాగి సంతోషిస్తారు. అదీ గుడ్డపనే గనక నేనేమీ అనను. కాని ఆ తరవాత తల ఎత్తి కప్పు చూడటం మరిచిపోవద్దు.

మండపాల కప్పునిండా బొమ్మలు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునుల కథ, ద్రౌపది స్వయంవరం, దూడకోసం కొడుకును శిక్షించిన మనునీతిచోళుడు, మర్రి ఆకుమీద కాలివేలు చీకుతున్న చిన్నికృష్ణుడు. కథలు మీకు తెలిసినవే. ఈసారి కథలను వదిలి, బొమ్మలు ఏం కట్టుకున్నాయో చూడండి. ఒక ఆమె చీర గళ్ళది, పక్క ఆమెది చారలది, ఇంకొక ఆమెది పూలది. ఒక్కొక్క అంచు ఒక్కొక్క తీరు. గంజిపెట్టినట్టు కొంగు బిగువుగా కోసుగా నిలబడి ఉంటుంది. మగవాళ్ళ నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలున్నాయి, అవి విజయనగరపు దర్జా. పంచెలమీద కూడా పూలే! కట్టినవాళ్ళు పోయారు, నేసినవాళ్ళు పోయారు, ఆ చీరల్లో ఒక్క నూలుపోగు మిగలలేదు. ఆ రోజుల్లో మన సీమలో ఎలాంటి బట్టలుండేవో తెలుసుకోవాలంటే ఈ కప్పే దిక్కు. 2019లో ఈ గుడిని గురించి పండితులు కలిసి ఒక పెద్ద పుస్తకం వేసినప్పుడు, బ్రిజిట్ ఖాన్ మజ్లిస్ అనే ఆమె ఈ చీరల సంగతే పనిగట్టుకుని పరిశీలించింది.

ఇంకొకటి కూడా గమనించండి. కప్పుమీది బొమ్మలన్నీ పొడుగుపట్టీలుగా ఉంటాయి, ప్రతి పట్టీకీ అంచులుంటాయి. తల మీద రంగుల గుడ్డతో చాందినీ కట్టినట్టుంటుంది. చిత్రకారుడు రాతిని గుడ్డగా మార్చాడు. ధర్మవరం పట్టుచీరల అంచులకు లేపాక్షి నమూనాలే మూలమంటారు. ఆవరణలో లతామండపమని ఉన్నది. దాని స్తంభాలమీద చెక్కిన లతలు, హంసలు, చిలకలు చూస్తే ఆ మాట నమ్మాలనే అనిపిస్తుంది.

కప్పు రాయే గాని, దానికి పూసిన గచ్చు రాయి కాదు. వాన చెమ్మకు, పాతకాలపు దీపాల పొగకు, కాలానికి అది లోబడింది. కొన్నిచోట్ల పెళ్ళలు ఊడి, చీర ఉన్నది మనిషి లేదు, మనిషి ఉన్నది చెయ్యి లేదు. గుడిని కేంద్ర పురావస్తుశాఖ కాపాడుతున్నది. 2022లో దీనికి ఒక పెద్ద ఆశ కలిగింది. యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించే ముందు ఒక తాత్కాలిక జాబితా ఉంటుంది. ఆ ఏడాది వీరభద్రాలయం, ఒంటిరాతి బసవన్న ఆ జాబితాకెక్కాయి. పేరెక్కగానే గుర్తింపు వచ్చినట్టు కాదు. కనీసం ఒక ఏడాది ఆ జాబితాలో ఉండాలి. ఆపైన ఒక్కొక్క బొమ్మ ఎలా ఉన్నదో, చుట్టూ ఏం కడుతున్నారో, చెమ్మ రాకుండా ఏం చేస్తారో అన్నీ రాసి, పటాలు జోడించి పెద్ద దస్తరం పంపాలి. పరీక్షించేవారు వచ్చి చూడాలి. దస్తరం సంగతి పెద్దవాళ్ళది. వెళ్ళినప్పుడు స్తంభాలమీద పేర్లు గీకకుండా ఉండటం, బొమ్మలమీద వెలుగు కొట్టే ఫోటోలు తియ్యకుండా ఉండటం పిల్లలకు కూడా చేతనవుతుంది.

ఇక మళ్ళీ బొంత దగ్గరికి. లేపాక్షి కప్పుమీద రాజులు, పెళ్ళిపెద్దలు, దేవతలు కట్టిన బట్టలున్నాయి. వేరుసెనగ చేలో పనిచేసిన ఆమె చలిరాత్రి ఏం కప్పుకున్నదో ఏ చిత్రకారుడూ గియ్యలేదు. దానికి మిగిలిన సాక్ష్యం మీ ఇంటి అటకమీదిదే. బొంతల మ్యూజియాలవాళ్ళకు ఎప్పుడూ ఉండే బాధ ఒకటున్నది. బొంత దొరుకుతుంది, కుట్టినవారి పేరు దొరకదు. అందమైన బొంతకింద "కుట్టినవారెవరో తెలియదు" అని చీటీ పెట్టవలసివస్తుంది. అమ్మమ్మ ఊరికి వెళ్ళినప్పుడు బొంత దింపించి, పక్కన కూర్చుని అడగండి: ఈ ఎర్రముక్క ఎవరి చీర? ఈ గళ్ళముక్క ఎవరి లుంగీ? ఏ ఏడు కుట్టావు? ఎవరు పుట్టారని కుట్టావు? కొన్ని ముక్కలకు ఆమె వెంటనే చెపుతుంది. కొన్నింటిని చాలాసేపు చేత్తో తడుముతుంది.

ఆమె చెప్పినదంతా ఒక తెల్లని నూలుగుడ్డ పట్టీ మీద రాయండి. ఉతికినా పోని సిరా అయితే మంచిది, ముందు వేరే గుడ్డముక్కమీద రాసి తడిపి చూసుకోండి. పేరు, ఊరు, సంవత్సరం తప్పకుండా ఉండాలి. జిగురుతో అంటించవద్దు, జిగురుకు పురుగు పడుతుంది. బొంత వెనకవైపు ఒక మూలగా నాలుగు పక్కలా సూదితో కుట్టండి. కుట్టు వంకరపోయినా ఫరవాలేదు. ఆ పట్టీ చివర, చిన్న అక్షరాలతో, కుట్టిన మీ పేరు కూడా రాసుకోవచ్చు.